సర్‌నేమ్ లేని పాస్‌పోర్టు: అమ్మ ఈటీఏ ఎలా వచ్చిందంటే

అమ్మతో చెన్నై నుంచి కొలంబోకి నాలుగు రోజుల ప్రయాణం. ఆన్‌లైన్‌లో శ్రీలంక ఈటీఏకి, అంటే ఆ దేశానికి వెళ్లేముందు తీసుకునే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతికి, అప్లై చేస్తుంటే సర్‌నేమ్ గడి దాటి ముందుకు పోవడం లేదు. అమ్మ పాస్‌పోర్టులో ఆ చోటు ఖాళీ. రెండు పదాల పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. సర్‌నేమ్ లేకపోతే ఆ గడిలో ఏం రాయాలి? మనవాళ్లు చాలామంది నన్ను అడిగేది ఇదే.

చుక్క, గీత, ఖాళీ స్పేస్ ఏవీ పనిచేయలేదు. ఇంటిపేరు రాయొచ్చు కానీ, పాస్‌పోర్టులో లేని మాట రాయడానికి ధైర్యం చాలలేదు.

చివరికి పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, గివెన్ నేమ్‌లోని రెండు పదాలనూ అదే వరుసలో, అదే స్పెల్లింగుతో సర్‌నేమ్ గడిలో రాశాను. కింద గివెన్ నేమ్ గడిలో మళ్లీ అవే. ఒక పదం అక్కడ, ఒకటి ఇక్కడ అని విడగొట్టలేదు. తర్వాత పాస్‌పోర్టు నంబరు సరిచూశాను. మన నంబరులో మొదటిది అక్షరం, మిగతా ఏడూ అంకెలే. కాబట్టి ఆ ఏడింటిలో గుండ్రంగా కనిపించేది సున్నానే, ఇంగ్లిష్ ‘O’ అక్షరం కాదు. అప్పుడే డబ్బు కట్టాను.

మర్నాటికి ఆమోదం వచ్చింది. కొలంబోలో అమ్మను ఎవరూ ఏమీ అడగలేదు, నా టెన్షన్ అప్పటికి తీరింది.

ఇది ఒక్క పాస్‌పోర్టుతో, ఒక్కసారి జరిగిన సంగతి. మిగతా దేశాలకు ఇలాగే చేయమని చెప్పలేను. యూఏఈ అయితే 2022 నవంబరులో ఒంటి పేరు పాస్‌పోర్టుల మీద విడిగా నిబంధనే పెట్టింది. టికెట్ కొనకముందే ఆ దేశపు సూచనలు చదవండి.