ప్రిస్క్రిప్షన్ డేటా చదవడం – 4వ పాఠం: లవం సరే, హారం ఏది?

పోయిన పాఠంలో ఇంగ్లండ్ ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ప్రతి నెలా బయటపెట్టే ప్రిస్క్రిప్షన్ ఫైలు దించుకున్నాం. అందులో జీపీ (ఫ్యామిలీ డాక్టర్) క్లినిక్కులను మాత్రమే ఉంచి జైళ్లు, హాస్పిస్‌లు, రాత్రిపూట కేంద్రాలు తీసేశాం. ఇప్పుడు ఒక్కో వరుసలో క్లినిక్ కోడ్, మందు, ఆ నెల రాసిన ఐటమ్స్ (చీటీలో ఒక్కో లైను ఒక ఐటమ్), ఖర్చు ఉన్నాయి. రోగి పేరు, వయసు, జబ్బు ఏదీ ఉండదు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, పాఠం చివర్లో దీనితో పనుంది.

ఈసారి అసలు పని: మిగతావాళ్ల తీరుకు భిన్నంగా మందులు రాస్తున్న క్లినిక్కును పట్టుకోవడం. యాంటీబయాటిక్స్‌తో మొదలుపెడదాం. కో-అమాక్సిక్లావ్ అంటే మన మెడికల్ షాపులో ఆగ్మెంటిన్ అని అడిగేదే. అదీ, సెఫలోస్పోరిన్లు, క్వినోలోన్లు, ఈ మూడూ రకరకాల బ్యాక్టీరియాను ఒకే దెబ్బకు కొట్టే మందులు. విచ్చలవిడిగా వాడితే మందుకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది. అందుకే మొత్తం యాంటీబయాటిక్ ఐటమ్స్‌లో వీటి వాటాను 10 శాతం లోపు ఉంచాలని ఎన్‌హెచ్‌ఎస్ లక్ష్యం పెట్టుకుంది.

ఫైల్లో బీఎన్‌ఎఫ్ (బ్రిటన్ మందుల పుస్తకం) కోడ్ కాలమ్ చూడండి. 0501013K0 తో మొదలయ్యేవి కో-అమాక్సిక్లావ్, 0501021 సెఫలోస్పోరిన్లు, 050112 క్వినోలోన్లు. ఈ మూడూ కూడితే లవం. 0501 తో మొదలయ్యేవన్నీ కూడితే హారం. క్షయ, కుష్ఠు మందులు కూడా 0501 కిందే వస్తాయి, నేనైతే వాటిని తీసేస్తాను.

ఇప్పుడు రెండు క్లినిక్కులు ఊహించుకుందాం. ‘అ’ క్లినిక్‌లో 20 యాంటీబయాటిక్స్ రాస్తే అందులో 5 ఈ రకానివి, అంటే 25 శాతం. ‘ఆ’ క్లినిక్‌లో 900 రాస్తే 153, అంటే 17 శాతం. ఎక్సెల్‌లో పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేస్తే ‘అ’ పైన కూర్చుంటుంది. కొత్తవాళ్లందరూ ముందు దాన్నే అనుమానిస్తారు. తొందరపడకండి.

సగటు 10 శాతం అనుకుంటే, యాదృచ్ఛికంగా ఎంత అటూ ఇటూ ఊగవచ్చో కట్టాలి. 0.1ని 0.9తో గుణించి, మొత్తం ఐటమ్స్‌తో భాగించి, వర్గమూలం తీయండి. ‘అ’కి 0.067 వస్తుంది, అంటే 6.7 శాతం. ‘అ’ వాటా సగటు కంటే 15 శాతం పైన ఉంది, 15ని 6.7తో భాగిస్తే 2.2. దీన్నే జెడ్ స్కోర్ అంటారు. ‘ఆ’కి ఊగులాట 1 శాతమే. సగటుకు 7 శాతం పైన ఉంది కాబట్టి జెడ్ స్కోర్ 7. ముందు చూడాల్సింది ‘ఆ’ని.

2.2 కూడా ఎక్కువే కదా అంటారా? ఇంగ్లండ్‌లో జీపీ క్లినిక్కులు 6,000కు పైనే ఉన్నాయి. జెడ్ 2 దాటినవన్నీ అనుమానిస్తే, ఎవరి తప్పూ లేకుండా కేవలం చాన్సు వల్లే దాదాపు 140 క్లినిక్కులు జాబితాకెక్కుతాయి. అందుకే 3 దాటితేనే చూడమంటారు. నిజం డేటాలో అదీ చాలదు. ఊరికీ ఊరికీ, జనానికీ జనానికీ ఉండే తేడాల వల్ల 3 దాటేవి కూడా కుప్పలుగా వస్తాయి. కాబట్టి క్లినిక్కులన్నిటినీ వరుసలో పేర్చి, పై 10 శాతంలో నెలల తరబడి ఉంటున్నదెవరో కూడా చూడండి. ఒక్క నెల లెక్కతో ఎవరికీ ఫోన్ చేయకండి.

ఇక ఈ పాఠానికి గుండెకాయ లాంటి చిక్కు. ఒక క్లినిక్ నెలకు 900 యాంటీబయాటిక్స్ రాసేది, అందులో 90 ఈ మూడు రకాలు, సరిగ్గా 10 శాతం. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ జలుబుకూ గొంతునొప్పికీ అమాక్సిసిలిన్ (మన మూడు రకాల్లోది కాదు) రాయడం మాన్పించింది. మొత్తం 600కు తగ్గింది. ఆ 90 అలాగే ఉన్నాయి. వాటా 15 శాతమైంది! పని బాగుచేసిన క్లినిక్ మన జాబితాలో దోషిలా నిలబడింది. లవం కదల్లేదు, హారం తగ్గింది, అంతే. అందుకని ఒకే హారాన్ని ఎప్పుడూ నమ్మకండి. వాటాతో పాటు వెయ్యి మంది రోగులకు ఈ మూడు రకాలు ఎన్ని రాశారో కూడా కట్టండి. రెండూ పెరిగితేనే సంగతేదో ఉంది. ముసలివాళ్లు, పసిపిల్లలు ఎక్కువున్న చోట మందులు సహజంగానే ఎక్కువ, దాన్ని సరిచేయడానికి స్టార్-పీయూ అనే వయసు, లింగం ప్రకారం తూకం ఉంది. అది తర్వాత చెప్పుకుందాం.

బీపీ, షుగర్ మందులకు ఇంకో మడతపేచీ. ఐటమ్ అంటే చీటీలో ఒక లైను. 28 రోజులకు రాసే క్లినిక్, 56 రోజులకు రాసే క్లినిక్ కంటే రెట్టింపు ఐటమ్స్ చూపిస్తుంది, మాత్రలు మాత్రం అన్నే. అక్కడ ఐటమ్స్ కాదు, మాత్రల పరిమాణం కాలమ్ వాడాలి.

మన దగ్గర ఇదే లెక్క కట్టడం కష్టం. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 మందులు (చీటీ ఉంటేనే అమ్మాల్సిన కొన్ని మందుల జాబితా) అమ్మితే డాక్టరు, రోగి, మందు, పరిమాణం విడి రిజిస్టరులో రాసి 3 ఏళ్లు దాచాలి. ఆ రిజిస్టరు ఉండేది షాపులోనే. చీటీ లేకుండా కౌంటర్ మీద అమ్మింది ఏ లెక్కలోకీ రాదు.

హోంవర్క్: ఒక క్లినిక్ ఈ నెల 400 యాంటీబయాటిక్స్ రాసింది, అందులో మన మూడు రకాలు 64. సగటు 10 శాతమే అనుకుని జెడ్ కట్టండి. పోయినేడు ఇదే నెల మొత్తం అంతే, మూడు రకాలు 38. ఈ మధ్యలో రోగుల సంఖ్య 5,000 నుంచి 5,060 అయింది, ఆ పెరిగిన 60 మందీ కొత్తగా తెరిచిన ఒక వృద్ధాశ్రమం వాళ్లు. వెయ్యి మందికి లెక్క కూడా కట్టి, ఫైల్లో రోగి వయసు, జబ్బు ఉండవని గుర్తుంచుకుని, ఆ క్లినిక్ ఫార్మసిస్టును మీరు మొట్టమొదట ఏం అడుగుతారో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి. 5వ పాఠం ఆ వాక్యంతోనే మొదలుపెడదాం.