ఫ్లయిట్ రూట్ మార్చిన్రా? ఓకే కొట్టేముందు ఇది చూడుండ్రి

మా పాలమూరు, నల్గొండ దిక్కు చానా ఇండ్లల్ల ఒక పిల్లగాడన్న అమెరికాలనో దుబాయ్‌లనో ఉంటడు కాబట్టి చెప్తున్న. ఏదన్న రోగం లేస్తే ఎయిర్‌లైన్స్ కొన్ని ఊర్లకు ఫ్లయిట్లు బంద్ పెట్టి మనల్ని వేరే హబ్ (ఫ్లయిట్లు మారే పెద్ద ఎయిర్‌పోర్ట్) మీదికెళ్లి తిప్పుతయ్. 2014ల ఎబోలా అప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ లైబీరియా, సియెర్రా లియోన్ పోవుడు ఆపితే జనం బ్రసెల్స్, కాసాబ్లాంకా మీదికెళ్లి పోయిన్రు.

అందుకే టికెట్ మొత్తం ఒక్క పీఎన్ఆర్ (బుకింగ్ నంబర్) మీదనే తీస్కోండ్రి. శంషాబాద్ నుంచి దోహా ఒకటి, ఆన్నుంచి చికాగో ఇంకోటి అని నాలుగు పైసలు మిగుల్తయని విడివిడిగ తీస్తే, మొదటిది క్యాన్సిల్ అయినంక రెండోటోళ్లు మాకేం సంబంధం అంటరు, గంతే. ఒక్కటే బుకింగ్ అయితే చివరిదాక చేర్చుడో పైసలు వాపస్ ఇచ్చుడో వాళ్ల మెడకే.

కొత్త రూట్ మెసేజ్ రాంగనే ఉరికి ఓకే కొట్టకుండ్రి, మధ్యల దిగే దేశం మన పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ వీసా అడుగుతదా చూడుండ్రి, అదొక్కటే గాదు, ఆడ రోగం ఉందా అన్నది గూడ చూడాలె, ఎందుకంటే 2020ల అమెరికా గత 14 రోజులల్ల షెంజెన్ దేశాలల్ల (యూరప్‌ల ఒక్క వీసా మీద తిరిగే దేశాలు) ఉన్న విదేశీయులను చానామందిని రానియ్యలే, ఎయిర్‌పోర్ట్‌ల ఫ్లయిట్ మారినా లెక్కల కొచ్చింది (ఊకే కూసున్నందుకు గూడ!).

ఆఫ్రికా మీదికెళ్లి తిప్పితే ఎల్లో ఫీవర్ (దోమలతోని వచ్చే జ్వరం) టీకా కార్డు సంగతి అడుగుండ్రి, సూది ఏయించుకున్న 10 రోజులకు గాని అది చెల్లది. ఏజెంట్ మాట ఇనుండ్రి గని ఎయిర్‌లైన్‌కు మీరే ఫోన్ కొట్టుండ్రి.