గీత చేతికి తగలాలంటే పురికొస

చూపు బాగా తక్కువున్న పిల్లలకి బొమ్మ గీసిచ్చి రంగులేయమంటే, గీత ఎక్కడుందో తెలీక రెండు నిమిషాల్లో క్రేయాన్ పక్కన పడేస్తారు. మా రెండో తరగతిలో ఇలా చేస్తున్నా: పాత క్యాలెండర్ అట్ట మీద పడవ బొమ్మ జానెడు పొడవున గీసి, గీత వెంబడి ఫెవికాల్ సన్నగా రాసి, దాని మీద పురికొస అతికించి రాత్రంతా ఆరనివ్వాలి. ఒక చేతి వేలు పురికొస మీద, రెండో చేత్తో రంగు. కోనసీమ కదా అని ముందు కొబ్బరి పీచు వాడాను, పాపం వేళ్లకి గుచ్చుకుంది. బొమ్మలో నాలుగైదు గీతలు మించితే వేలికి అంతా కలగాపులగమే. ముసురు పట్టిందంటే మాత్రం మర్నాటికి కూడా ఆరదు, పురికొస ఊడి చేతికొచ్చేస్తుంది, వానాకాలంలో రెండ్రోజుల ముందే చేసిపెట్టుకోండి.