జలుబు చేసిన ముక్కు కందకుండా: మెత్తని ఫేషియల్ టిష్యూ తయారు చేయడం ఎలా?

టిష్యూ పేపర్ యూనిట్ పెట్టాలనుకునే వాళ్లు మొదట అడిగేది "ఏ మిషన్ కొనాలి?" అని. మెత్తని టిష్యూ అమ్మాలనుకుంటే మాత్రం అది రెండో ప్రశ్న. చిన్న యూనిట్‌లో మనం కాగితం తయారు చేయం. పేపర్ మిల్లులో తయారైన జంబో రోల్ (పెద్ద కాగితపు చుట్ట) కొని, కోసి, మడతపెట్టి, డబ్బాలో పెడతాం. దీన్ని కన్వర్టింగ్ అంటారు. మెత్తదనం ఆ రోల్‌తో పాటే వస్తుంది, లేదంటే రాదు. మన మిషన్ దాన్ని పెద్దగా పెంచలేదు, పాడు చేయడం మాత్రం చాలా తేలిగ్గా చేయగలదు. అందుకే ఇక్కడ మిషన్ గురించి కంటే రోల్ గురించే ఎక్కువ చెబుతున్నాను.

పాత న్యూస్ పేపర్లు నానబెట్టి, మిక్సీలో వేసి ఇంట్లోనే టిష్యూ చేయొచ్చని చూపించే వీడియోలను నమ్మకండి. అలా వచ్చేది గ్రీటింగ్ కార్డుకు పనికొచ్చే మందపాటి కాగితం. దాంతో ముక్కు తుడుచుకుంటే చర్మం లేచిపోతుంది.

మెత్తదనం ఎక్కడ పుడుతుంది?

రెండు చోట్ల. ఒకటి పీచు, రెండోది ముడత.

కాగితం గుజ్జులో పొడవు పీచు, పొట్టి పీచు అని రెండు రకాలు. కెనడా, స్వీడన్ లాంటి చలి దేశాల్లో పెరిగే పైన్, స్ప్రూస్ చెట్ల పీచు సుమారు 3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఇది కాగితానికి బలం ఇస్తుంది. ప్రకాశం, ఖమ్మం వైపు రైతులు పేపర్ మిల్లుల కోసం వేసే జామాయిల్ చెట్టు పీచు 1 మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ పొట్టి పీచుల కొసలు కాగితం పైన సన్నని నూగులా లేచి ఉంటాయి. వేలికి తగిలే ఆ మఖమల్ స్పర్శ వాటి వల్లే. మంచి మిల్లులు రెంటినీ కలిపి వాడతాయి. ఖరీదైన మిషన్లున్న చోట చర్మానికి తగిలే పొరలో జామాయిల్ గుజ్జు, లోపలి పొరలో పైన్ గుజ్జు విడివిడిగా పోస్తారు.

ఇక ముడత. టిష్యూ మిల్లులో యాంకీ డ్రైయర్ అనే పెద్ద ఇనుప సిలిండర్ ఉంటుంది. ఆవిరితో వేడెక్కిన ఆ సిలిండర్‌కు తడి కాగితం అంటుకుని, ఒక చుట్టు తిరిగేలోపే ఆరిపోతుంది. పెనం మీది అట్టును అట్లకాడతో గీరి లేపినట్టు, దాన్ని ఒక ఉక్కు బ్లేడు గీరి లేపుతుంది. ఆ దెబ్బకు కాగితం కంటికి సరిగా ఆనని వందల ముడతలు పడుతుంది. దీన్నే క్రేపింగ్ అంటారు. పీచుల మధ్య పట్టు సడలి, కాగితం ఉబ్బి, కొంచెం సాగే గుణం వస్తుంది. ముడతలు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా పడితే టిష్యూ అంత మెత్తన. మిల్లులో ఆ బ్లేడు అరిగిపోయినా మార్చకుండా నడిపితే ముడతలు లావుగా వచ్చి కాగితం గరుకుగా తయారవుతుంది. ఒకే మిల్లు, ఒకే గ్రేడు అయినా ఒక లాట్ బాగుండి, ఇంకో లాట్ బాగోకపోవడానికి ఇదొక కారణం.

మొదటి పని: రోల్ ఆర్డర్ సరిగా చెప్పడం

డీలర్‌కు ఫోన్ చేసి "సాఫ్ట్ టిష్యూ రోల్ పంపండి" అంటే అతని దగ్గర మిగిలింది పంపుతాడు. ఈ వివరాలు వాట్సాప్‌లో రాసి పంపండి.

నూటికి నూరు శాతం వర్జిన్ పల్ప్, అంటే పాత కాగితం కలపని కొత్త గుజ్జు కావాలి. రీసైకిల్డ్ పేపర్ చెడ్డదని కాదు, ఆఫీసు వాష్‌రూమ్‌లో చేతులు తుడుచుకునే టవల్‌కు అదే సరైనది, చవక కూడా. కానీ పాత కాగితాల్లో రకరకాల పీచులు, సిరా మిగుళ్లు, షాపు బిల్లులకు వాడే థర్మల్ పేపర్ నుంచి వచ్చే బీపీఏ లాంటి రసాయనాలు ఉండే అవకాశం ఉంది. పసిపిల్లల మూతి తుడిచేదానికి అది వద్దు.

పొరకు 14 నుంచి 16 జీఎస్‌ఎం, రెండు ప్లై, అంటే రెండు పొరలు. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో. మనం రాసుకునే కాగితం 70, 80 ఉంటుంది. అంటే టిష్యూ పొర అందులో అయిదో వంతే. మందంగా ఉంటే మెత్తగా ఉంటుందని చాలామంది పొరపడతారు. నిజానికి పలచని పొరలు రెండు కలిస్తే, ఒకే మందపాటి పొర కంటే బాగా వంగుతాయి. మరీ 12కు దిగితే మాత్రం తడవగానే చిరిగి, వాడేవాళ్లు ఒకటికి రెండు లాగుతారు.

తడి బలం ఉండాలి. ఫేషియల్ టిష్యూ తడిసినా ముక్కలు కాకూడదు కాబట్టి మిల్లులో గుజ్జుకు ఒక రెసిన్ కలుపుతారు. అది ఫార్మాల్డిహైడ్ లేని రకమేనా అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. టాయిలెట్ రోల్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది నీళ్లలో విడిపోవాలి, లేకపోతే పైపులు మూసుకుపోతాయి. అందుకే టాయిలెట్ గ్రేడు రోల్ చవకగా వచ్చిందని ఫేషియల్ డబ్బాలో పెట్టకండి.

చివరగా చాలామంది అడగని మాట: రెండు పొరల్లోనూ సిలిండర్ వైపు బయటికి ఉండాలి. డ్రైయర్‌కు అంటుకున్న వైపు నున్నగా, రెండో వైపు కాస్త గరుకుగా ఉంటుంది. నున్నని ముఖాలు రెండూ బయటికి, గరుకు ముఖాలు లోపలికి వచ్చేలా జత చేస్తే అదే కాగితం ఒక మెట్టు మెత్తగా తోస్తుంది. రెండు ప్లై రోల్ కొంటే మిల్లు వాళ్లే ఇలా చుట్టి ఇవ్వాలి. సింగిల్ ప్లై రోల్స్ రెండు కొని మీరే కలుపుతుంటే, స్టాండ్ మీద ఒక రోల్‌ను తిప్పి ఎక్కించాలి. పైసా ఖర్చు లేని పని.

రోల్ రాగానే చేయాల్సిన పరీక్షలు

వీటికి ల్యాబ్ అక్కర్లేదు. 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ కాటా, స్కేలు, నల్ల గుడ్డ, యూవీ టార్చి చాలు.

1. బరువు: 10 సెంటీమీటర్ల చదరాలు 10 కోసి కాటా మీద పెట్టండి. వచ్చిన గ్రాములను 10తో హెచ్చవేస్తే జీఎస్‌ఎం. పొరలు విడదీసి, ఒక్కో పొరనే తూచాలి. 1.5 గ్రాములు వస్తే 15 జీఎస్‌ఎం అన్నమాట.

2. సాగుడు: రోల్ నడిచే దిశలో 10 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు పెట్టి, చిరిగేదాకా మెల్లగా లాగండి. కనీసం 1.5 సెంటీమీటర్లు సాగితే ముడత బాగా ఉన్నట్టు. సాగకుండా పుటుక్కున తెగితే ఆ రోల్ గురించి డీలర్‌తో మాట్లాడాల్సిందే.

3. పొడి: నల్ల గుడ్డ మీద నాలుగైదు షీట్లను గట్టిగా దులపండి. తెల్లగా దుమ్ము రాలిందంటే పీచుకు పట్టు లేదు. జలుబు మనిషికి ఆ దుమ్ముతో తుమ్ములు ఇంకా ఎక్కువవుతాయి. కొంచెం నూగు మాత్రం ఏ మెత్తని టిష్యూలోనైనా రాలుతుంది, దానికి భయపడకండి.

4. యూవీ టార్చి: చీకట్లో వేసి చూడండి. కాగితం అంతా నీలంగా మెరిస్తే తెల్లదనం కోసం ఆప్టికల్ బ్రైట్‌నర్ కలిసినట్టు. అక్కడక్కడా చుక్కల్లా మెరిస్తే వర్జిన్ అని చెప్పి పాత కాగితం కలిపారేమో అని అనుమానించాలి.

5. వాసన: రెండు షీట్లు తడిపి, మూతున్న గాజు సీసాలో గంటసేపు ఉంచి మూత తీయండి. పుల్లని వాసన, కెమికల్ వాసన వస్తే వద్దు.

6. చేతి పరీక్ష: పెద్ద మిల్లుల దగ్గర మెత్తదనాన్ని కొలిచే యంత్రాలున్నా, మనుషుల చేత తాకించి చూడటం ఇప్పటికీ మానలేదు. మీరూ చేయండి. మూడు రకాల షీట్లను పేర్లు లేకుండా పెట్టి, కళ్లు మూయించి, అయిదారుగురిని వరసలో పెట్టమనండి. అరచేయి కంటే పైపెదవి మీద, ముక్కు పక్కన తేడా బాగా తెలుస్తుంది. ఫ్యాక్టరీలో రోజూ బరువు పనిచేసే వాళ్ల చేతి తీర్పు మాత్రం తీసుకోకండి, చేతులు కాయలు కాచి ఉంటాయి.

రోల్ నిలవ

రోల్‌ను పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింద ఉన్నది నొక్కుకుపోయి, ముడతలు అణిగి, మిషన్ మీద ఎగుడుదిగుడుగా తిరుగుతుంది. నిలబెట్టి, చెక్క ప్యాలెట్ల మీద, వచ్చిన ప్లాస్టిక్ చుట్టు తీయకుండా ఉంచండి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలం గాలిలోని తేమను కాగితం పీల్చేసుకుని, మిషన్ మీద మెత్తబడి తెగుతుంది. అనంతపురం ఎండల్లో దీనికి వ్యతిరేక సమస్య: స్టాటిక్ పుట్టి షీట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అగరుబత్తి, ఫినాయిల్, సబ్బు పొడి గోడౌన్ పక్కన స్థలం అద్దె తక్కువని తీసుకోకండి. టిష్యూ వాసనలను భలే పట్టేస్తుంది.

మిషన్ మీద

ఇక్కడ మెత్తదనాన్ని చంపేది టెన్షన్, అంటే కాగితాన్ని లాగే బిగువు. స్పీడ్ పెంచినప్పుడు రోల్ ముందుకు గట్టిగా లాగబడుతుంది. మిల్లు వాళ్లు అంత కష్టపడి పెట్టిన ముడతలు సాగిపోయి, కాగితం చదునై, పలచబడి బయటికొస్తుంది. పైన చెప్పిన సాగుడు పరీక్షను రోల్ మీద ఒకసారి, మిషన్ దాటాక ఒకసారి చేయండి. రోల్ మీద 1.8 సెంటీమీటర్లు సాగింది, మిషన్ దాటాక ఒక సెంటీమీటరే సాగితే ఆ తేడా మీ మిషన్ తినేసింది. రోల్ స్టాండ్ బ్రేక్ వదులు చేయండి, స్పీడ్ తగ్గించండి. ఆపరేటర్‌కు డబ్బాల లెక్కన బోనస్ ఇచ్చే యజమానులకు ఈ సలహా రుచించదు.

పువ్వుల ఎంబాసింగ్ (ఉబ్బెత్తుగా నొక్కే డిజైన్) భోజనాల నాప్‌కిన్‌కు అందం, కాగితం ఉబ్బుతుంది కూడా. ఫేషియల్ టిష్యూకు వద్దు. ఆ బొడిపెలే ముక్కుకు గీసుకుంటాయి. రెండు పొరలు విడిపోకుండా అంచుల్లో మాత్రం సన్నని పళ్ల చక్రంతో నొక్కితే సరిపోతుంది, గమ్ అవసరం లేదు. కాగితాన్ని మధ్యలో పెట్టి నొక్కే క్యాలెండర్ రోలర్లు ఉన్న మిషన్ అయితే తేలికగా నొక్కండి. కొద్దిగా నొక్కితే నునుపు వస్తుంది, ఎక్కువైతే ఉబ్బు పోయి ప్రింటింగ్ కాగితంలా అవుతుంది.

కత్తి మొద్దుబారితే అంచులు గట్టిపడతాయి, దుమ్ము లేస్తుంది. షిఫ్టు మొదట్లో ఒక షీటు అంచును పెదవి మీద రాసి చూసుకోవడం మంచి అలవాటు. ఆ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకండి, వ్యాక్యూమ్‌తో లాగండి. టిష్యూ దుమ్ము ఇట్టే అంటుకుంటుంది. మోటారు మీద, కరెంటు ప్యానెల్‌లో పేరుకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. యూనిట్‌లో బీడీ, సిగరెట్ మాట అసలు రానివ్వకూడదు.

సెంటు, రంగు, లోషన్

మెత్తదనం వేరు, చర్మానికి హాని చేయకపోవడం వేరు. పట్టులాంటి టిష్యూలో గులాబీ సెంటు కొడితే సున్నితమైన చర్మం ఉన్నవాళ్లకు దద్దుర్లు రావచ్చు. మొదటి సరుకు సెంటు లేకుండా, రంగు లేకుండా తెల్లగానే తీయమని నా సలహా. లోగో ప్రింట్ చేసిన నాప్‌కిన్ ఆర్డర్ వస్తే, తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందో లేదో చూశాకే ఒప్పుకోండి.

అలోవెరా, విటమిన్ ఇ లోషన్ టిష్యూలు పెద్ద కంపెనీలవి చూసి చేతి స్ప్రేతో అనుకరించే వాళ్లున్నారు. అది వద్దు. లోషన్‌ను చదరపు మీటరుకు ఇంత అని లెక్క ప్రకారం రోలర్‌తో పట్టించాలి. నీళ్లు కలిసిన లోషన్ అయితే బూజు పట్టకుండా ప్రిజర్వేటివ్ కావాలి, ఆ ప్రిజర్వేటివ్‌ల వల్లే తడి వైప్స్‌లో చర్మ అలర్జీలు వచ్చిన దాఖలాలున్నాయి. పైగా లోషన్ టిష్యూ నీటిని తక్కువ పీలుస్తుంది, కళ్లద్దాలు తుడిస్తే మరకలు పెడుతుంది.

పరీక్ష చేయించకుండా డబ్బా మీద 'హైపో అలర్జెనిక్', 'డెర్మటాలజిస్ట్ టెస్టెడ్' అని వేయకండి. 'సెంటు లేదు, రంగు లేదు, వర్జిన్ పల్ప్' అన్న నిజమైన మూడు మాటలు చాలు.

డబ్బాలో పెట్టేటప్పుడు

20 సెంటీమీటర్ల చదరపు షీటు, రెండు ప్లై, 15 జీఎస్‌ఎం అయితే ఒక్కో పుల్, అంటే డబ్బాలోంచి ఒకసారి లాగే టిష్యూ, 1.2 గ్రాములు. 100 పుల్స్ డబ్బాకు 120 గ్రాముల కాగితం. లెక్క ప్రకారం కిలో కాగితానికి 8 డబ్బాలు. కోత వేస్టు తీసేస్తే అంతకంటే తక్కువే వస్తాయి కాబట్టి రేటు ఆ ప్రకారం వేసుకోండి.

డబ్బా ఎత్తు తక్కువైతే షీట్లు నలిగి, మొదటి పది పుల్స్ చిరుగుతూ వస్తాయి. ప్రతి లాట్‌లో ఒక డబ్బాను మొదటి షీటు నుంచి చివరిదాకా లాగి చూడండి. ఒకటి లాగితే తర్వాతది సగం బయటికి రావాలి, రెండూ కలిసి ఊడి రాకూడదు. ప్యాకింగ్ చేసేవాళ్లకు తలకు క్యాప్, చేతులు కడుక్కునే చోటు తప్పనిసరి. టిష్యూను వాడేముందు ఎవరూ కడగరు కదా.

డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, షీట్ల సంఖ్య, సైజు, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబర్ వేయాలి. వీటితో పాటు బ్యాచ్ నంబర్ కూడా వేసి, ఆ బ్యాచ్ ఏ జంబో రోల్ నుంచి వచ్చిందో పుస్తకంలో రాసుకోండి. ఒక్కో బ్యాచ్ నుంచి రెండు డబ్బాలు పక్కన దాచండి. "ఈసారి సరుకు గరుకుగా ఉంది" అని షాపువాడు ఫోన్ చేస్తే, దాచిన డబ్బా తెరిచి మళ్లీ సాగుడు, పొడి పరీక్షలు చేయండి. అందులోనూ తేడా కనిపిస్తే, ఆ రోల్ నంబర్‌తో మిల్లుకు రాసేయొచ్చు.