పాత ఐపాడ్‌లో ఇరుక్కుపోయిన పాటల్ని కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం ఎలా

పాత ల్యాప్‌టాప్ పోయింది, అందులోని పాటలూ పోయాయి, ఇప్పుడు అవి ఐపాడ్‌లో మాత్రమే ఉన్నాయి. ఇలాంటప్పుడు చాలామంది కొత్త కంప్యూటర్‌లో ఐట్యూన్స్ (ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే ఆపిల్ ప్రోగ్రామ్) వేసేసి, ఐపాడ్ తగిలించి, తెర మీద వచ్చిన ప్రశ్న చదవకుండానే సరే కొట్టేస్తారు. ఆ ప్రశ్న ఏంటంటే, ఈ ఐపాడ్ వేరే లైబ్రరీతో సింక్ అయి ఉంది, ఇందులో ఉన్నవి ఎరేస్ చేసి ఈ కొత్త లైబ్రరీతో సింక్ చెయ్యమంటారా అని. కొత్త కంప్యూటర్‌లో లైబ్రరీ ఖాళీ కదా, మీరు సరే అంటే ఐపాడ్ కూడా ఖాళీ అయిపోతుంది. అందుకే పాటలు బయటికి వచ్చేదాకా ఐట్యూన్స్ జోలికి వెళ్లొద్దు. కంప్యూటర్‌లో లేకపోతే వెయ్యనే వద్దు. ఉండి, ఐపాడ్ పెట్టగానే దానంతటదే తెరుచుకునే రకమైతే, కేబుల్ గుచ్చేటప్పుడు షిఫ్ట్, కంట్రోల్ రెండూ కలిపి నొక్కి పట్టుకోండి, ఐపాడ్ కనిపించేదాకా వదలొద్దు, ఆటోమేటిక్ సింక్ ఆగుతుంది. మ్యాక్‌లో అయితే కమాండ్, ఆప్షన్. ఆ ప్రశ్న వచ్చినా సరే క్యాన్సిల్ కొట్టండి, ఏమీ పోదు.

ఇక్కడ చెప్పేదంతా క్లాసిక్, పాత నానో, మినీ లాంటి చక్రం ఉన్న ఐపాడ్‌ల గురించి. టచ్ వేరే జాతి, దాని సంగతి తర్వాత.

ఆపిల్ వాళ్లు పాటల్ని కంప్యూటర్ నుంచి ఐపాడ్‌లోకి మాత్రమే పంపేలా పెట్టారు, వెనక్కి రావడానికి దారి ఇవ్వలేదు, డబ్బు పెట్టి వాళ్ల స్టోర్‌లో కొన్నవాటికి తప్ప. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ ప్లాస్టిక్ కవర్ మీదే పాటలు దొంగిలించొద్దు అని నాలుగు భాషల్లో రాసి పంపారు, అంత భయం అప్పట్లో మ్యూజిక్ కంపెనీలకి. అలాగని తాళమేమీ వెయ్యలేదు. పాటలు మామూలు ఎంపీ3 ఫైళ్లుగానే డిస్క్‌లో ఉంటాయి, ఉన్న ఫోల్డర్‌ని దాచేశారు, ఫైళ్ల పేర్లు మార్చేశారు, అంతే.

ముందు బ్యాటరీ చూడండి. ఏళ్ల తరబడి డ్రాయర్‌లో పడున్న ఐపాడ్ గుచ్చగానే వెలగకపోవచ్చు, ఓ అరగంట, గంట ఛార్జింగ్‌కి వదిలేయండి. వెనక రేకు ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఛార్జ్ పెట్టకండి, బ్యాటరీ ఉబ్బి ఉంటుంది, మొబైల్ రిపేర్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి బ్యాటరీ మార్పించాకే మిగతా పని.

విండోస్‌లో కేబుల్ పెట్టగానే దిస్ పీసీలో పెన్‌డ్రైవ్ కనిపించినట్టు ఐపాడ్ కూడా ఒక డ్రైవ్‌గా కనిపించాలి. కనిపించకపోతే డిస్క్ మోడ్‌లో పెట్టండి: హోల్డ్ స్విచ్‌ని ఒకసారి అటూ ఇటూ జరిపి, మెనూ బటన్, మధ్య బటన్ కలిపి నొక్కి పట్టుకుంటే కాసేపటికి ఆపిల్ గుర్తు వస్తుంది, రాగానే వాటిని వదిలేసి వెంటనే మధ్య బటన్, ప్లే బటన్ కలిపి నొక్కాలి. మొదటిసారే కుదరకపోవచ్చు, వేళ్లు అలవాటు పడాలి. 3వ తరం దాకా వచ్చిన మరీ పాత మోడళ్లలో ఈ బటన్ల వరస వేరే ఉంటుంది.

డ్రైవ్ కనిపించి, తెరవబోతే ఈ డిస్క్ ఫార్మాట్ చెయ్యాలి అని విండోస్ అడిగిందనుకోండి, కంగారు పడి అవును అనకండి. ఆ ఐపాడ్‌ని ఎవరో మొదట మ్యాక్‌కి కలిపి ఉంటారు, మ్యాక్ ఫార్మాట్‌ని విండోస్ చదవలేదు. ఐపాడ్‌లోనే సెట్టింగ్స్, అబౌట్‌లోకి వెళ్లి మధ్య బటన్ నొక్కుతూ పోతే ఫార్మాట్ విండోస్ అని ఉందో లేదో తెలుస్తుంది. లేకపోతే మ్యాక్ ఉన్న స్నేహితుడిని పట్టుకోవడం అన్నిటికంటే తేలిక. ఎవరూ దొరక్కపోతే హెచ్ఎఫ్ఎస్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, విండోస్‌లోనే మ్యాక్ డిస్క్ తెరిచి ఫైళ్లు బయటికి తీసుకోనిస్తుంది.

డ్రైవ్ తెరిచాక వ్యూలోకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ ఆన్ చెయ్యండి, మ్యాక్‌లో అయితే కమాండ్, షిఫ్ట్, చుక్క కలిపి నొక్కాలి. అప్పుడు ఐపాడ్ కంట్రోల్ అనే ఫోల్డర్ బయటపడుతుంది. దానిలో మ్యూజిక్, దానిలో ఎఫ్00, ఎఫ్01 అంటూ వరసగా బోలెడు ఫోల్డర్లు. ఆ మ్యూజిక్ ఫోల్డర్‌ని అలాగే కాపీ చేసి కంప్యూటర్‌లో పేస్ట్ చెయ్యండి. కట్ మాత్రం చెయ్యొద్దు, అక్కడున్నది అక్కడే ఉండాలి. క్లాసిక్‌లో ఉండేది తిరిగే హార్డ్‌డిస్క్, దానికి వయసైపోయింది, కాపీ మధ్యలో ఒక ఫైల్ దగ్గర ఆగిపోతే మొత్తం పని ఆగిపోకుండా ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ చేసుకోండి, లేదా చదవలేని ఫైల్‌ని దాటేసి ముందుకెళ్లే టెరాకాపీ అనే విండోస్ ప్రోగ్రామ్ వాడండి. డిస్క్‌లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే మీకు ప్రాణమైన పాటలు ముందు తీసుకోండి, మిగతావి తర్వాత. పాటలతో పాటు పక్కనే ఉండే ఐట్యూన్స్ అనే ఫోల్డర్‌ని కూడా కాపీ చేసుకోండి, ఎందుకో చెప్తాను. పైన రికార్డింగ్స్ అనే ఫోల్డర్ ఉంటే దాన్నీ వదలొద్దు, మైకు పెట్టి వాయిస్ రికార్డ్ చేసినవి అక్కడే ఉంటాయి, ఇంట్లో పెద్దవాళ్ల గొంతు అందులో ఉందేమో ఎవరికి తెలుసు.

కాపీ అయ్యాక ఫోల్డర్ తెరిచి చూస్తే గుండె గుభేలుమంటుంది. ఏ పాటకీ పేరు ఉండదు, ప్రతి ఫైలూ నాలుగు అర్థంలేని అక్షరాలు. టెన్షన్ పడకండి, పాట పేరు, సినిమా, పాడినవాళ్లు ఇవన్నీ ఫైల్ లోపల ట్యాగ్‌లో భద్రంగానే ఉంటాయి. ఎంపీ3 ట్యాగ్ అనే ప్రోగ్రామ్‌లో (విండోస్‌లో ఉచితం) ఫోల్డర్ మొత్తం పడేసి, కన్వర్ట్‌లో ట్యాగ్ నుంచి ఫైల్ నేమ్ అనేది ఎంచుకుంటే, ఆల్బమ్ పేరుతో ఫోల్డర్, దానిలో ట్రాక్ నంబర్, పాట పేరుతో ఫైల్ వచ్చేలా ఒక్క దెబ్బకి అన్నీ మార్చేస్తుంది. ఇప్పుడు కావాలంటే ఐట్యూన్స్ కూడా ఈ పని చేస్తుంది: ఐపాడ్ తీసేసి, ఐట్యూన్స్ ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి, కాపీ ఫైల్స్ అనేదీ కీప్ ఆర్గనైజ్డ్ అనేదీ రెండూ టిక్ పెట్టి, యాడ్ ఫోల్డర్ అనండి. నాకైతే ఎంపీ3 ట్యాగే ఇష్టం, ఏం జరగబోతోందో ముందే చూపిస్తుంది.

మన తెలుగు పాటల దగ్గర అసలు తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. అప్పట్లో మనలో ఎక్కువమంది పాటలు డౌన్‌లోడ్ సైట్ల నుంచి తెచ్చుకున్నవే, ఆ సైట్ల వాళ్లు పాట పేరు పక్కన, ఆల్బమ్ పక్కన, కొన్నిసార్లు గాయకుడి పేరు ఉండాల్సిన చోట కూడా తమ సైట్ పేరే కుక్కేవారు. అలాంటి ట్యాగ్‌లతో పేర్లు మారిస్తే సగం లైబ్రరీ ఒకే గాయకుడి పేరు మీదికి వెళ్లిపోతుంది, ఆ గాయకుడేమో ఒక వెబ్‌సైట్! కాబట్టి పేర్లు మార్చేముందే ఎంపీ3 ట్యాగ్‌లో యాక్షన్స్‌లోకి వెళ్లి రీప్లేస్ పెట్టి, ఆ సైట్ పేరు అన్ని ఫైళ్లలోంచి తీసేయండి. ఒకే సినిమా పేరు మూడు రకాల స్పెల్లింగ్‌లతో ఉంటే అదీ ఇక్కడే సరిచెయ్యాలి, విసుగు పని, కానీ ఒక్క ఆదివారం కూర్చుంటే అయిపోతుంది.

ఇక ట్యాగే లేని ఫైళ్లు. నాన్నగారి క్యాసెట్ల నుంచి ఎక్కించిన హరికథలు, నాటకాలు, పెళ్లిలో సన్నాయి, ఇలాంటివి వేవ్ ఫైళ్లుగా ఉంటే వాటి పేర్లు ఫైల్‌లో ఉండవు, ఐపాడ్ డేటాబేస్‌లో మాత్రమే ఉంటాయి. ప్లేలిస్టులు, స్టార్ రేటింగులు, ఏ పాట ఎన్నిసార్లు విన్నారో ఆ లెక్క, ఇవీ అంతే. ఐట్యూన్స్ ఫోల్డర్‌ని కాపీ చెయ్యమన్నది ఇందుకే. ఆ డేటాబేస్‌ని చదివి పేర్లతో సహా పాటలు తీసే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి: విండోస్‌లో షేర్‌పాడ్, లైనక్స్‌లో జీటీకేపాడ్, రిథమ్‌బాక్స్. ఉన్నవన్నీ సినిమా పాటలే అయితే వీటి అవసరం లేదు.

ఎం4పీ అని చివర ఉన్న ఫైళ్లు తగిలితే అవి తాళం ఉన్నవి, కొన్న అకౌంట్‌తో ఆథరైజ్ చేసిన కంప్యూటర్‌లోనే మోగుతాయి, అదీ 5 కంప్యూటర్ల దాకానే. ఇండియాలో ఐట్యూన్స్ స్టోర్ వచ్చిందే 2012 డిసెంబర్‌లో, పాటలకి తాళం తీసేసింది 2009లో, కాబట్టి ఇక్కడివాళ్లకి ఇవి దాదాపు ఉండవు. అంతకు ముందు అమెరికాలో ఉండి పాటలు కొనుక్కున్నవాళ్లు మాత్రం ఆ పాత ఆపిల్ ఐడీ, పాస్‌వర్డ్ వెతికి పెట్టుకోండి.

ఐపాడ్ టచ్‌కి డిస్క్ మోడ్ లేదు, దాచిన ఫోల్డర్ కూడా కనిపించదు. ఐమేజింగ్ లాంటి ప్రోగ్రామ్ కొనుక్కోవడం తప్ప దానికి వేరే సులువైన దారి లేదు. టచ్‌కి డబ్బులు పెట్టొచ్చు, క్లాసిక్‌కి, నానోకి మాత్రం పైసా పెట్టక్కర్లేదు, డబ్బు తీసుకునే ప్రోగ్రామ్ అక్కడ చేసేది మీరు ఇప్పటిదాకా చేసిందే.

ఇప్పటికే ఎరేస్ అండ్ సింక్ కొట్టేసిన వాళ్లుంటే, ఐపాడ్‌ని వెంటనే బయటికి తీసి, అందులోకి ఇంకొక్క పాట కూడా ఎక్కించకండి. కొత్తగా ఏదైనా రాసేదాకా పాత పాటలు చాలావరకు డిస్క్ మీద అలాగే ఉంటాయి. దాన్ని డిస్క్ మోడ్‌లో పెట్టి, చెరిపేసిన ఫైళ్లని వెతికి తీసే ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్ నడపండి, పేరు ఫోటోదే గానీ ఎంపీ3లు కూడా తవ్వి తీస్తుంది. దొరికినవి కంప్యూటర్‌లోకే సేవ్ చెయ్యాలి, తిరిగి ఐపాడ్‌లోకి కాదు. అవి కూడా పేర్లు లేకుండానే వస్తాయి, మళ్లీ ఎంపీ3 ట్యాగ్ తెరవాల్సిందే.