ఒకొంక్వో గురించి రాసే ముందు నవల ఇలా చదవండి

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి సాయంత్రాలు ఎం.ఏ. ఇంగ్లీషు పిల్లలు వస్తుంటారు. నైజీరియా రచయిత చినువా అచెబె నవల, 1958లో వచ్చిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ దగ్గరకు వచ్చేసరికి అందరిదీ ఒకే టెన్షన్. ‘మేడమ్, ఒకొంక్వో ట్రాజిక్ హీరో ఎలా అయ్యాడు? పది మార్కులకు ఎలా రాయాలి?’ వాళ్ల చేతిలో గైడ్ ఉంటుంది. గొప్పవాడు, కోపిష్టి, ఆ కోపమే అతన్ని ముంచింది అని మూడు ముక్కల్లో తేల్చేసి ఉంటుంది. ఆ జవాబుకు మార్కులు పడతాయేమో. కానీ ఆ మనిషి మాత్రం అందులో కనపడడు. ఇరవై ఎనిమిదేళ్లు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పి నేను కుదుర్చుకున్న పద్ధతి ఇది.

ముందు పెన్సిల్ తీసుకోండి. నవల కుస్తీతో మొదలవుతుంది. ఏడేళ్లుగా ఎవరికీ లొంగని అమలింజెని పద్దెనిమిదేళ్ల ఒకొంక్వో వెల్లకిలా పడేస్తాడు. అందరూ అక్కడ గీత గీసి పక్కన ‘వీరుడు’ అని రాసుకుంటారు. మీరు గీయకండి. కాస్త ముందుకు వెళ్తే తండ్రి ఉనోకా వస్తాడు. వేణువు వాయిస్తాడు, కల్లు తాగుతాడు, ఊరంతా అప్పులు. పొరుగాయన బాకీ అడగడానికి వస్తే పకపకా నవ్వి గోడ చూపిస్తాడు. గోడ నిండా సుద్ద గీతలు, ఒక్కో గీత వంద గవ్వలు. ముందు పెద్ద అప్పులు తీర్చాలి, నీది చిన్నదే కదా అంటాడు. ఆ గోడ దగ్గర గీయండి. ఆ గీతలు చూస్తూ పెరిగిన పిల్లవాడే ఒకొంక్వో.

ఇది నాకు పుస్తకంలో కంటే ముందు మా ఇంట్లో తెలిసింది. మా నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. తెనాలి చుట్టుపక్కల ఎక్కడ నాటకం ఉన్నా వెళ్లేవాడు. తెల్లారి వచ్చేటప్పుడు జేబులో ఏమీ మిగిలేది కాదు. అన్నయ్య పదో తరగతిలో ఉండగా కిరాణా కొట్టాయన నలుగురి ముందు బాకీ అడిగాడు. అన్నయ్య ఆ రోజు అన్నం తినలేదు. నాన్న పోయాక హార్మోనియాన్ని గోనెసంచిలో చుట్టి అటకెక్కించాడు. ఏళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం, భోజనానికి కూర్చున్నప్పుడు, అన్నయ్య కొడుకు స్టీలు గ్లాసు మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు. అన్నయ్య ఆ గ్లాసు విసిరి కొట్టాడు. నీళ్లు గోడంతా చిమ్మాయి. పిల్లవాడు బిత్తరపోయాడు. వాడి వైపు చూస్తున్న అన్నయ్య మొహంలో నాకు కనపడింది కోపం కాదు, భయం. ఒకొంక్వో కొడుకు న్వోయెని కొట్టే పేజీలు నేనిప్పుడు ఆ మొహం గుర్తుకు రాకుండా చదవలేను.

కాబట్టి, ఒకొంక్వో చెయ్యి ఎత్తిన ప్రతిచోటా పక్కన ఒక ప్రశ్న రాసుకోండి: ఇప్పుడు ఇతను దేనికి భయపడ్డాడు? ఎవరూ గొడవ పడకూడని శాంతి వారంలో భార్యను కొట్టినప్పుడు, అరటిచెట్టు నరికిందంటూ ఇంకో భార్య ఎక్వెఫి మీద విరుచుకుపడినప్పుడు, తుపాకీ తీసినప్పుడు. అతని బతుకంతా భయమే ఏలిందని, ఓడిపోతానేమో, బలహీనుడినవుతానేమో అన్న భయమని అచెబె మొదట్లోనే చెప్తాడు. గైడ్లు అది వదిలేసి కోపం పట్టుకుంటాయి.

భయం ఒక్కటే రాసినా అన్యాయమవుతుంది. అతని కష్టం కూడా చూపించాలి. ఇక్కడ యామ్ పంట సంగతి రావాలి. అది మన పెండలం జాతి దుంప, అక్కడ మగవాడి పంట. తండ్రి ఏమీ ఇవ్వలేదు కాబట్టి ఒకొంక్వో న్వాకిబియె దగ్గర 800 విత్తన దుంపలు పాలుకు తీసుకున్నాడు. అలా పాలుకు చేస్తే పంటలో దక్కేది మూడో వంతే. ఆ ఏడు ముందు ఎండ, తర్వాత ఆగని వాన. క్లాసులో ఇది చదువుతుంటే వెనక బెంచీ అబ్బాయి ఒకడు తల దించుకున్నాడు. వాళ్ల నాన్న కౌలుకు మిరప వేశాడట. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం పోయింది. ‘మేడమ్, ఈ చాప్టర్ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు’ అన్నాడు. ఆ అబ్బాయి రాసిన జవాబులో అరిస్టాటిల్ తక్కువ, పొలం ఎక్కువ. నేను దిద్దిన మంచి జవాబుల్లో అదొకటి. ఆ కరువు ఏడాదిలోనే ఒక రైతు చెట్టుకు ఉరేసుకున్నాడని రచయిత ఒక్క వాక్యంలో అంటాడు. ఆ వాక్యానికి గీత తప్పకుండా ఉండాలి. చివరి అధ్యాయంలో మళ్లీ ఇక్కడికి రావాలి.

ఏడో అధ్యాయం మాత్రం రెండుసార్లు, నెమ్మదిగా చదవండి. పక్క ఊరి వాళ్లు పరిహారంగా ఇచ్చిన పిల్లవాడు ఇకెమెఫూనా మూడేళ్లుగా ఒకొంక్వో ఇంట్లో పెరుగుతున్నాడు, ఒకొంక్వోని నాన్నా అంటాడు. వాణ్ని చంపాలని దేవవాక్కు వచ్చింది. ఎజెయూడు అనే పెద్దాయన ప్రత్యేకంగా వచ్చి, వాడు నిన్ను నాన్నా అని పిలుస్తాడు, ఆ చావులో నీ చెయ్యి పెట్టకు అని చెప్పి వెళ్తాడు. దారి పొడవునా పిల్లవాడు కల్లుకుండ నెత్తిన పెట్టుకుని, అమ్మ బతికే ఉందా అని మనసులో పాట పాడుకుంటూ లెక్క చూసుకుంటాడు. మొదటి దెబ్బ పడగానే పరుగెత్తింది ఎవరి దగ్గరికి? నాన్న దగ్గరికి. ఆ నాన్నే కత్తి దూశాడు. బలహీనుడంటారేమోనని. తర్వాత రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈ రెండు రోజులు జవాబులో తప్పకుండా రాయండి. గుండె లేనివాడికి ఆకలి ఎందుకు చస్తుంది? దేవవాక్కే చంపమంది కదా అని ఒకొంక్వో వాదిస్తే స్నేహితుడు ఒబియెరికా చెప్పిన సమాధానం కూడా రాయండి: దేవవాక్కును నేను కాదనను, కానీ చంపేవాణ్ని నేను కాను. అరిస్టాటిల్ హమార్షియా అన్నది, అంటే గొప్పవాణ్ని కూల్చే పొరపాటు, మీకు ఇక్కడ దొరుకుతుంది. ఆ పదానికి నిర్వచనం ఒక్క వాక్యం చాలు.

ఇక తెల్లవాళ్ల సంగతి. తప్పు ఒకొంక్వోదా, వలస పాలనదా అని నన్ను అడుగుతారు. ఒకటే ఎంచుకోకండి. 25 అధ్యాయాల్లో మొదటి 13లో తెల్లవాడు ఎక్కడో మాటల్లో తప్ప కనపడడు. అప్పటికే ఇకెమెఫూనా చనిపోయాడు. ఎజెయూడు అంత్యక్రియల్లో ఒకొంక్వో తుపాకీ పొరపాటున పేలి ఆయన కొడుకే పోయాడు, ఒకొంక్వో ఏడేళ్లు అమ్మ పుట్టింటి ఊరు ఎంబాంటాకు వెళ్లాల్సి వచ్చింది. ఆ ఊళ్లలో కవల పిల్లల్ని అడవిలో వదిలేస్తారు, ఓసు అనే వాళ్లను అంటరానివాళ్లుగా చూస్తారు. క్రైస్తవ మిషన్ అడుగుపెట్టింది ఈ పగుళ్లలోంచే. న్వోయె అటు వెళ్లింది సిద్ధాంతం అర్థమై కాదు. అడవిలో ఏడ్చే పసిపిల్లలు, ఇకెమెఫూనా, ఈ రెండూ వాడి లోపల మానలేదు. ఒకొంక్వో ఊరు ఉమువోఫియాను బంగారు పల్లెగా రాస్తే అచెబె రాసింది మీరు చదవనట్టే.

అలాగని పాలకుల్ని వదలకండి. మాట్లాడుకుందాం రండని ఒకొంక్వోతో సహా ఆరుగురు పెద్దల్ని పిలిచి బేడీలు వేశారు. జరిమానా 200 సంచుల గవ్వలు. కోర్టు బంట్రోతులు ఊరికి 250 అని చెప్పారు, మధ్యలో 50 వాళ్లకు. తల గొరిగించి కొట్టారు కూడా. ఇంత అవమానం తర్వాత ఒకొంక్వో పెద్ద బంట్రోతును నరికితే, ఎందుకు చేశాడు అని జనంలోంచే గొంతులు వినపడ్డాయి. కత్తిని ఇసుకలో తుడిచి వెళ్లిపోయాడు. ఊరు తనతో లేదని అతనికి తెలిసిపోయిన క్షణం అది.

చివరి పేజీకి ఉనోకాను వెంట తీసుకురండి. ఉనోకా ఒళ్లు వాచే జబ్బుతో పోయాడు. అది భూదేవతకు అపచారం కాబట్టి పూడ్చలేదు, దుష్టారణ్యంలో వదిలేశారు. వేణువు మాత్రం తీసుకెళ్లాడు. చివరికి ఒకొంక్వో ఉరేసుకున్నాడు. ఆత్మహత్య కూడా అపచారమే, అతని శవాన్ని సొంత వాళ్లు ముట్టకూడదు. ఏ తండ్రిలా కాకూడదని బతుకంతా పరుగెత్తాడో ఆ తండ్రిలాగే అతనికీ తనవాళ్ల చేత మట్టి దక్కలేదు. జవాబులో ఈ పోలిక ఒక పేరా అంత రాయండి. ఎక్కువైనా పర్లేదు.

జిల్లా కమిషనర్ తను రాయబోయే పుస్తకంలో ఇతనికి ఒక అధ్యాయం ఇద్దామా, ఒక పేరా చాలా అని లెక్క వేసుకోవడం అందరూ చివర్లో రాస్తారు. రాయండి. కానీ దానికి ముందు ఒబియెరికా ఉన్నాడు. ఉమువోఫియాలో గొప్పవాళ్లలో ఒకణ్ని మీరే చావుకు తోశారని కమిషనర్‌తో అంటాడు. ఇంకేదో అనబోతే గొంతు వణికి మాట రాదు. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి ఒక నిమిషం కూర్చోండి. కమిషనర్ సంగతి ఆ తర్వాత రాయండి.