ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ప్రైవేట్ ఇన్సూరెన్స్ కూడా కావాలా? ఇంట్లో కూర్చుని లెక్క తేల్చుకునే పద్ధతి

నలుగురు చుట్టాలు ఒకచోట చేరితే ఈమధ్య ఈ టాపిక్ రాకుండా ఉండట్లేదు. లండన్ నుంచి వచ్చిన బావగారు మాకు ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఉంది, 1948 నుంచి నడుస్తోంది, ఆసుపత్రికి వెళ్తే బిల్లే ఉండదు అంటారు, కానీ మోకాలి ఆపరేషన్‌కి ఎన్ని నెలలు క్యూలో ఉండాలో మాత్రం అడిగితేనే చెప్తారు. డల్లాస్ తమ్ముడేమో నెలనెలా ప్రీమియం కట్టి కూడా డిడక్టబుల్ (ముందుగా మనమే పెట్టుకోవాల్సిన మొత్తం) దాటేదాకా సొంత డబ్బే పెట్టుకోవాలని వాపోతాడు. ఇక మనూళ్ళో ఉన్నవాళ్ళు రెండు పార్టీలు. కార్డు ఉంది కదా ఇంకేం కావాలి అనేవాళ్ళు ఒకవైపు, ఆ కార్డు దేనికీ పనికిరాదు, పాలసీ తీసుకో అనేవాళ్ళు ఇంకోవైపు (ఈ రెండో వైపు ఎక్కువగా ఏజెంట్లే ఉంటారు లెండి).

వాదన ఎలా ఉన్నా రేపు ఇంట్లో ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే బిల్లు ఎవరు కడతారు అన్నది మాత్రం ఈరోజే తేల్చుకోవాలి. నా ఉద్దేశంలో ముందు ప్రభుత్వం నుంచి హక్కుగా వచ్చేది మొత్తం రాబట్టుకోవాలి, అది ఎక్కడ ఆగిపోతుందో చూసుకుని అక్కడ నుంచే ప్రైవేట్ పాలసీ కొనాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, పాలసీ కొనేసి కార్డు బీరువాలో పడేస్తారు, లేదా కార్డు చూసుకుని ధైర్యంగా ఉండిపోతారు.

సరే, మొదటి పని. ఇంట్లో ప్రతి మనిషి పేరు ఒక కాగితం మీద రాసి పక్కన వాళ్ళకి ఇప్పటికే ఏముందో రాయండి. తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబానికి ఆరోగ్యశ్రీ ఉంటుంది, ఏడాదికి 5 లక్షలు ఉండేదాన్ని 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేశారు. ఏపీలో అదే నెలలో 25 లక్షలకి పెంచారు, 2024లో ప్రభుత్వం మారాక పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, జనం మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నారు. నెలకి 21,000 లోపు జీతం ఉండి కంపెనీ ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కట్ చేస్తుంటే అది రాయండి, అందులో మందులు, ఓపీ (అడ్మిట్ అవకుండా చూపించుకునే వైద్యం) కూడా వస్తాయి, మనోళ్ళు దాన్ని అస్సలు వాడుకోరు. ప్రభుత్వ ఉద్యోగి లేదా పెన్షనర్ ఇంట్లో ఉంటే వాళ్ళ హెల్త్ స్కీమ్ ఈహెచ్‌ఎస్ సంగతి చూడండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలుంటే ఆఫీసు గ్రూప్ పాలసీలో అమ్మానాన్నల పేర్లు ఎక్కించారా లేదా కనుక్కోండి.

70 దాటిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఇది తప్పకుండా చదవండి. 2024 అక్టోబర్ చివర్లో కేంద్రం ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలుపెట్టింది. ఆధార్ ప్రకారం 70 నిండితే చాలు, ఆస్తి ఎంత, పెన్షన్ ఎంత అని అడగరు, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు. ఇప్పటికే ప్రైవేట్ పాలసీ ఉన్నా, ఈఎస్ఐ ఉన్నా కూడా తీసుకోవచ్చు. సీజీహెచ్‌ఎస్ లాంటి కేంద్ర స్కీముల్లో ఉన్నవాళ్ళు మాత్రం అదో ఇదో ఒకటే ఎంచుకోవాలి. ఆధార్, ఫోన్ దగ్గర పెట్టుకుంటే ఆయుష్మాన్ యాప్‌లోనే అయిపోతుంది, రాకపోతే 14555కి ఫోన్ చేయండి. డెబ్భై దాటినవాళ్ళకి బయట పాలసీ కొందామంటే ప్రీమియం చూస్తేనే బీపీ వస్తుంది, అలాంటప్పుడు దీన్ని వదులుకోవడంలో అర్థం లేదు.

ఇప్పుడు కార్డు అసలు ఎలా పనిచేస్తుందో చూద్దాం, ఎందుకంటే 10 లక్షలు, 25 లక్షలు అన్న అంకె చూసి ఏ జబ్బుకైనా ఏ ఆసుపత్రిలోనైనా అంత ఇస్తారనుకుంటారు, అలా ఉండదు. ఆరోగ్యశ్రీకి ఒక లిస్టు ఉంది, ఆ లిస్టులో ఉన్న చికిత్సలకి ఒక్కోదానికి ఒక ప్యాకేజీ రేటు ఉంటుంది, నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరితే ఆ రేటు ప్రకారం ప్రభుత్వం ఆసుపత్రికి కడుతుంది. గుండె ఆపరేషన్లు, డయాలసిస్, క్యాన్సర్ కీమో లాంటి పెద్ద ఖర్చులకి ఇది నిజంగా ప్రాణం నిలబెట్టే స్కీమే, 2007లో మొదలైనప్పటి నుంచి లక్షల కుటుంబాలు అప్పులపాలవకుండా బయటపడ్డాయంటే దీనివల్లే. పనికిరాదు అనేవాళ్ళని ఒకసారి ఏదైనా డయాలసిస్ సెంటర్లో గంట కూర్చుని రమ్మనండి.

ఆసుపత్రికి వెళ్ళగానే ముందు వెతకాల్సింది ఆరోగ్యమిత్రని, అంటే స్కీము తరఫున రోగులకి సాయం చేసే మనిషిని. రిసెప్షన్ దగ్గరే వాళ్ళ డెస్క్ ఉంటుంది. క్యాష్ కౌంటర్‌కి వెళ్ళకముందే కార్డు, ఆధార్ చూపించి ఇది స్కీములో వస్తుందా అని అడగండి. ముందు అడ్వాన్స్ కట్టేసి క్యాష్ పేషెంటుగా చేరిపోయి, తర్వాత మార్చమంటే చాలాచోట్ల తిప్పించుకుంటారు. ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీదే అప్రూవల్ తీసుకునే ఏర్పాటు ఉంది, కాబట్టి అప్రూవల్ వచ్చేదాకా డబ్బు కట్టండి అంటే ఆ మాట ఆరోగ్యమిత్ర ముందు అనిపించండి. స్కీములో చేరాక ఇంప్లాంట్‌కి వేరే, టెస్టులకి వేరే అని పైన డబ్బులడిగితే 104కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టొచ్చు, కట్టిన ప్రతిదానికీ రసీదు మాత్రం అడిగి తీసుకోండి, రసీదు లేని డబ్బు గురించి ఎవరూ పట్టించుకోరు.

ఇక కార్డు ఎక్కడ ఆగిపోతుంది అంటే, లిస్టులో లేని జబ్బు దగ్గర ఒకటి, మీకు కావాల్సిన ఆసుపత్రి నెట్‌వర్క్‌లో లేకపోవడం దగ్గర ఒకటి. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో కొన్ని అసలు చేర్చుకోవు, కొన్ని ఒకటి రెండు డిపార్ట్‌మెంట్లకే చేర్చుకుంటాయి. ఇంకొకటి, ప్రభుత్వం బకాయిలు పెడితే ఆసుపత్రులు సేవలు ఆపేస్తాయి, 2025లో తెలంగాణలోనూ ఏపీలోనూ ఇదే జరిగింది, కొన్ని రోజుల పాటు కొత్త కేసులు తీసుకోలేదు. జబ్బు మనిషికి కొన్ని రోజులు అంటే చిన్న మాట కాదు. కాబట్టి ఈ వారంలోనే మీ ఊరికి దగ్గర్లో గుండెకి ఏ ఆసుపత్రి, కిడ్నీకి ఏది, యాక్సిడెంట్‌కి ఏది స్కీములో ఉందో కనుక్కుని ఫోన్లో సేవ్ చేసుకోండి. అందులో ఒకటైనా ప్రభుత్వ ఆసుపత్రి ఉండేలా చూసుకోండి, విశాఖలో కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, హైదరాబాద్‌లో గాంధీ, నిమ్స్, క్యాన్సర్‌కి ఎంఎన్‌జే లాంటివి, ప్రైవేట్ వాళ్ళు ఆపినా అక్కడ ఆపరు.

ఇక్కడే ఒక పక్క మాట. 2007లో ఈ స్కీమ్ మొదలైంది ప్రైవేట్ ఇన్సూరెన్స్ కంపెనీతోనే, ప్రభుత్వం ప్రీమియం కట్టేది, తర్వాత మెల్లగా ప్రభుత్వం పెట్టిన ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆసుపత్రులకి కట్టే పద్ధతికి వచ్చారు. 2025 సెప్టెంబర్‌లో ఏపీ కేబినెట్ మళ్ళీ హైబ్రిడ్ అని ఒప్పుకుంది, కుటుంబానికి 2.5 లక్షల వరకు ఇన్సూరెన్స్ కంపెనీ, ఆ పైన పేద కుటుంబాలకి 25 లక్షల దాకా ట్రస్టు, పైగా మొదటి 2.5 లక్షలు ఆదాయంతో సంబంధం లేకుండా అందరికీ అని. అందరికీ అన్నది మంచి మాటే. కంపెనీ మధ్యలోకి వస్తే క్లెయిమ్ కొట్టేయడంలోనే దానికి లాభం ఉంటుంది కదా అన్న అనుమానం మాత్రం నాకు పోలేదు. ట్రస్టు బాగా నడిచిందా అంటే బకాయిలు చూశాం. మీ విషయంలో ఇప్పుడు ఏది అమల్లో ఉందో గ్రామ, వార్డు సచివాలయంలో అడిగితే చెప్తారు.

ఇక ప్రైవేట్ పాలసీ. ఎవరికి అవసరం అంటే కార్డు రానివాళ్ళకి ఎటూ అవసరమే, చిన్న వ్యాపారం, ప్రైవేట్ ఉద్యోగం చేసుకునే మధ్యతరగతి అందరూ ఇందులోకే వస్తారు, వాళ్ళకి అటు ప్రభుత్వమూ లేదు ఇటు ఆఫీసూ లేదు. కార్డు ఉన్నవాళ్ళు కూడా స్తోమత ఉంటే ఒకటి తీసుకోవచ్చు, ఆసుపత్రి ఎంచుకునే వీలు కోసం. కానీ ఒకే అడ్మిషన్‌లో ప్యాకేజీ కొంత, పాలసీ కొంత కలిపి వాడుకుందాం అని లెక్కలు వేసుకోవద్దు, దేని కింద చేరాలో చేరేటప్పుడే తేల్చుకోవాలి.

పాలసీ కొనేటప్పుడు అందరూ ఎంత లక్షలది, ప్రీమియం ఎంత అని రెండే అడుగుతారు. అసలు దెబ్బ రూమ్ రెంట్ దగ్గర పడుతుంది. ఉదాహరణకి 5 లక్షల పాలసీలో రోజుకి 1 శాతం అంటే 5,000 లిమిట్ ఉందనుకోండి, ఆసుపత్రి వాళ్ళు ఖాళీ లేదని చెప్పి 10,000 రూమ్ ఇచ్చారు, మనం పైన ఐదు వేలు మనమే కట్టుకుందాంలే అనుకుంటాం. కానీ కంపెనీ డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ లాంటి ఛార్జీలు కూడా సగమే ఇస్తుంది, ఎందుకంటే మీరు అర్హత కంటే రెట్టింపు రూములో ఉన్నారు కాబట్టి. ఆ ఛార్జీలు 2 లక్షలైతే లక్ష మీ మీదే పడుతుంది. మందులకి, ఇంప్లాంట్లకి, టెస్టులకి, ఐసీయూకి ఈ కోత పెట్టకూడదని రూల్ ఉంది, అది తెలియక చాలామంది వాళ్ళు వేసిన లెక్కకే సంతకం పెట్టేస్తారు. రూమ్ రెంట్ లిమిట్ లేని పాలసీ కొంచెం ఖరీదైనా అదే తీసుకోండి, దానికోసం కావాలంటే బీమా మొత్తం కొంచెం తగ్గించుకున్నా పర్లేదు.

తర్వాత వెయిటింగ్ పీరియడ్. మొదటి 30 రోజులు యాక్సిడెంట్ తప్ప ఏదీ రాదు. కంటి శుక్లం, హెర్నియా, కీళ్ళ మార్పిడి లాంటివాటికి సాధారణంగా రెండేళ్ళు ఆగాలి. ముందే ఉన్న జబ్బులకి 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలు, అంతకుముందు 48 ఉండేది. అందుకే జబ్బు వచ్చాక పాలసీ కోసం పరిగెత్తితే లాభం ఉండదు. కో పే అని ఉంటే ప్రతి బిల్లులో మీ వాటా ఉంటుందని అర్థం, పెద్దవాళ్ళ పాలసీల్లో ఇది మామూలే, ఎంత శాతమో చూస్కోండి.

షుగర్, బీపీ ఉంటే రాయొద్దు సార్, ప్రీమియం పెరుగుతుంది అని సలహా ఇచ్చేవాళ్ళు కనబడతారు. దండం పెట్టి పంపించేయండి. కమీషన్ వాళ్ళకి ఈరోజే వస్తుంది, క్లెయిమ్ పోయేది మీది. అప్పుడెప్పుడో అయిన చిన్న ఆపరేషన్ కూడా రాయండి. ఎలాగూ అన్నీ రాసి 60 నెలలు ఆపకుండా కడితే ఆ తర్వాత మోసం అని నిరూపిస్తే తప్ప చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ కొట్టేయకూడదు. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లో చదివి నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు, పాత కొటేషన్ పట్టుకొస్తే కొత్తది అడగండి.

ఆఫీసు పాలసీ ఉన్నవాళ్ళు అదే శాశ్వతం అనుకోవద్దు, ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. రిజైన్ చేసే ముందే అదే కంపెనీలో సొంత పాలసీకి మార్చుకుంటానని రాసివ్వండి, అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ లెక్కలోకి వస్తుంది. డబ్బు తక్కువుంటే చిన్న బేస్ పాలసీ, దాని మీద సూపర్ టాప్ అప్ (ఒక పరిమితి దాటిన ఖర్చుకి మాత్రమే వచ్చే పాలసీ) పెట్టుకుంటే తక్కువ ప్రీమియంలో పెద్ద మొత్తం వస్తుంది.

వీటిల్లో దేనికీ అందనిది ఒకటుంది, నెలనెలా మందులు. ఆరోగ్యశ్రీలో మామూలు ఓపీ ఉండదు, మామూలు ప్రైవేట్ పాలసీలోనూ ఉండదు, కానీ ఇంటిల్లిపాదిని మెల్లగా పిండేది ఆ షుగర్ బిళ్ళల ఖర్చే. నన్నడిగితే అందరికీ వైద్యం అన్న చర్చ ఆపరేషన్ల దగ్గర కాదు, ఇక్కడ మొదలవ్వాలి. ప్రస్తుతానికి ఊళ్ళో పీహెచ్‌సీ, హైదరాబాద్ లాంటి చోట బస్తీ దవాఖానా, అక్కడ బీపీ షుగర్ మందులు ఉచితంగా ఇస్తారు, రక్త పరీక్షలు కూడా. లేనివి జనఔషధిలో అదే మందు జెనరిక్ పేరుతో అడగండి, డాక్టర్ని చీటీలో మందు అసలు పేరు రాయమంటే పని తేలిక.

చివరిగా క్లెయిమ్ ఆపితే ఏం చేయాలి. క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) అడిగిన గంటలో ఒప్పుకుంటారో లేదో చెప్పాలి, డిశ్చార్జ్ రోజు 3 గంటల్లో ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి, లేటైనందుకు ఆసుపత్రి వేసే అదనపు ఛార్జీ కంపెనీయే భరించాలి. టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) డెస్క్ దగ్గర ఈ మాట అన్నారంటే కొంచెం కదలిక వస్తుంది. రిజెక్ట్ చేస్తే ఏ క్లాజు కింద చేశారో రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట ఒప్పుకోవద్దు. ఆ కాగితంతో కంపెనీ గ్రీవెన్స్‌కి మెయిల్, అది తేలకపోతే బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్ లేదా 155255 నంబరు, అప్పటికీ నెలలో జవాబు రాకపోయినా నచ్చకపోయినా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల వరకు వింటారు. కంపెనీ చివరి జవాబు ఇచ్చిన ఏడాదిలోపే వెళ్ళాలి, కాబట్టి తేదీ ఉన్న ప్రతి మెయిల్, డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు ఒక కవర్లో పెట్టి ఆ కవర్ ఎక్కడుందో ఇంట్లో ఇంకొకళ్ళకి కూడా చెప్పి ఉంచండి.